ముప్పై ఒకటో తారీఖు ఎగ్జిట్

ఎగ్జిట్ అంటే మా క్యాంపులో ఎవరినడిగినా ఒకటే అర్థం చెప్తారు. కఫీల్, అంటే మనల్ని పనికి తెచ్చుకున్న కంపెనీ, సంతకం పెట్టాలి, పాస్‌పోర్టు ఆఫీసు జవాజాత్ వాళ్ళు కంప్యూటర్‌లో కొట్టాలి, మనిషి పెట్టె సర్దుకుని శాశ్వతంగా ఇంటికి పోవాలి. కొట్టాక అరవై రోజుల్లో పోకపోతే జరిమానా. ఇంకో రకం ఎగ్జిట్ ఈ లోకంలో ఉంటుందని, పదహారేళ్ళుగా సౌదీలో ఈ హఫర్ అల్ బాతిన్ దుమ్ము తింటున్న నాకు తెలియదు. తెలియనివాణ్ణి నోరు మూసుకుని ఉండాల్సింది. ఉండలేదు. బాలన్న అందుకే పోయాడు.

నా పేరు నాగేందర్. మాది మెట్‌పల్లి దగ్గర. ఇంటర్ పాసయ్యాను కాబట్టి క్యాంపులో నేనే పెద్ద చదువరిని. టైల్స్ పనివాళ్ళు నలభై మందికి ఫోర్‌మన్‌ని. ఆఫీసులో వాళ్ళ తరఫున మాట్లాడేది నేనే. అందరూ 'ఇంగ్లీషు నాగేందర్' అనేవాళ్ళు. ఆ పేరు వింటే లోపల పొంగిపోయేవాణ్ణి. నా ఇంగ్లీషు మీద మన్ను పొయ్య!

బాలన్నది మా పక్క ఊరు. యాభై నాలుగేళ్ళు. గ్రానైట్ కోసే మిషన్ ముందు పద్దెనిమిదేళ్ళు కూర్చున్నాడు. నేను కొత్తగా వచ్చినప్పుడు రాయి పట్టుకోవడం నేర్పింది ఆయనే, జ్వరమొస్తే గంజి కాచి పోసిందీ ఆయనే. రెండువేల పందొమ్మిది మే నెలలో దగ్గు ఎక్కువై ఆస్పత్రికి తీసుకుపోతే, ఊపిరితిత్తుల నిండా రాతి దుమ్మే అన్నారు. పని మానాలి, ఈ గాలిలో ఉండకూడదు, వెంటనే ఇంటికి పంపండి అని డాక్టరు చీటీ రాసిచ్చాడు.

చీటీ పట్టుకుని ఆఫీసుకు పోయాను. మా కంపెనీ సగం సౌదీ వాళ్ళది, సగం ఇంగ్లండ్ వాళ్ళది. ఒక మనిషిని పెట్టుకున్నా, పంపించేసినా లండన్ ఆఫీసు ఒప్పుకోవాలి. ఇక్కడ కూర్చున్న గోరా మేనేజర్ ఆ తర్వాతే సంతకం పెడతాడు. నేను పోయేసరికి ఆయన చేతిలో రెండు ఫోన్లున్నాయి, మొహం వాడిపోయి ఉంది. చీటీ చదివి తల అడ్డంగా ఊపాడు. "నో ఫైనల్ పేపర్స్ నౌ, నాగేందర్. లండన్ హాజ్ స్టాప్డ్ ఇట్ ఆల్. ఎవ్రీథింగ్ ఆఫ్టర్ ఎగ్జిట్. థర్టీఫస్ట్ అక్టోబర్" అన్నాడు. ముందు 'బ్ర' అన్నాడో ఏమో, నా చెవికి ఎక్కలేదు. ఎగ్జిట్ ఒక్కటే ఎక్కింది. "ష్యూర్ సార్?" అన్నాను. ఆయన గట్టిగా నవ్వి, "హూ ఈజ్ ష్యూర్!" అన్నాడు. దొర నవ్వాడు కదా అని నేనూ నవ్వాను.

ఆ నవ్వు సంగతి బాలన్నకు చెప్పలేదు. తారీఖు మాత్రం చెప్పాను.

"అక్టోబర్ ముప్పై ఒకటికి నీ ఎగ్జిట్ అన్నా."

బాలన్న మంచం మీద లేచి కూర్చున్నాడు. "పక్కానా రా?"

"పక్కా. దొర తన నోటితోని చెప్పిండు."

"గదేంది, అయిదు నెల్లా?" అని కాసేపు వేళ్ళు లెక్కపెట్టుకున్నాడు. "పోనీ తియ్యి. తారీఖంటూ దొరికింది గద. పద్దెనిమిదేండ్లున్నోన్ని, అయిదు నెల్లు ఉండనా?" అని వెంటనే ఇంటికి ఫోన్ కలిపాడు. ఆయన భార్య చిన్నవ్వ వదిన అటునుంచి ఏమందో గానీ, బాలన్న మొహం చూస్తే నాకు ఎంత సంతోషమైందో! నేనే సంతకం పెట్టి ఇచ్చినంత గర్వం.

ఆ శుక్రవారమే బాబావలి భాయ్ క్యాంపుకు వచ్చాడు. ఆయనది నంద్యాల. టౌన్‌లో టైర్ల షాపులో పని. తీరిక దొరికితే మన తెలుగువాళ్ళ కాగితాలు పట్టుకుని లేబర్ ఆఫీసు చుట్టూ, ఎంబసీ చుట్టూ తిరుగుతుంటాడు. అరబ్బీ గడగడా మాట్లాడతాడు.

"ఏమప్పా నాగేందర్, ఆ మనిషి దగ్గు ఇంటాంటే నాకే భయమైతాండాది. డాక్టరు చీటీ ఉంది కదా, లేబర్ ఆఫీసులో అర్జీ ఏద్దాం. నెలన్నరలో కొట్టిస్తా ఎగ్జిట్" అన్నాడు.

"అక్కర్లేదు భాయ్. తారీఖు వచ్చేసింది. ఇప్పుడు అర్జీ పెడితే కంపెనీకి కోపమొచ్చి, ఉన్న తారీఖు గూడ ఎగరగొడతది."

"రాసిచ్చినారా?"

"నేను ఇంగ్లీషుల మాట్లాడొచ్చిన భాయ్. నాకు సమజ్ గాదా?" అన్నాను కాస్త పొగరుగానే.

బాబావలి బాలన్న వైపు చూశాడు. బాలన్న చెయ్యి ఊపి, "నాగడు చెప్పిండంటే అయినట్టే సారూ" అన్నాడు. ఆ మాట ఇప్పటికీ నా గుండెల్లో ముల్లు.

జూన్, జూలై ఎండలకు బాలన్న గదిలోంచి బయటికి రాలేదు. బాత్‌రూమ్ దాకా పోవాలంటే దారిలో రెండుసార్లు గోడ పట్టుకుని నిలబడేవాడు. కానీ ఉషారుగా ఉండేవాడు. మా గదిలోనే ఉండే లక్ష్మణ్‌కి తన కుక్కర్ ఇచ్చేశాడు. "నేను పోయినంక మాడవెట్టకురా, సీటీ వెయిట్ జాగ్రత్త" అని చెప్పాడు. రోజుకోసారి "ఇంకెన్ని దినాలు?" అని నన్నే అడిగేవాడు, లెక్క తనకు తెలిసినా సరే. నేను సంఖ్య చెప్తే తల ఊపి పడుకునేవాడు.

సెప్టెంబరులో ఒకరోజు మెస్‌లో అన్నం తింటుంటే టీవీలో ఇంగ్లండ్ పార్లమెంటు వచ్చింది. కోట్లూ టైలూ వేసుకున్న పెద్దమనుషులు ఒకరి మీద ఒకరు అరుచుకుంటున్నారు. ఎవడో లేస్తాడు, మిగతావాళ్ళు గోల చేస్తారు, వాడు కూర్చుంటాడు.

"ఓర్నీ, అచ్చం మా గ్రామసభే గదరా!" అన్నాడు లక్ష్మణ్. అందరం నవ్వాం. బాలన్నకైతే నవ్వు దగ్గులోకి తిరిగి కళ్ళనీళ్ళు వచ్చాయి.

"ఎందుకు కొట్లాడుతున్నరు నాగన్నా?" అని లక్ష్మణ్ అడిగాడు. కింద బ్రెగ్జిట్ అని అక్షరాలు పరుగెడుతున్నాయి. నేను తడుముకోకుండా, "గా నడుమ పెద్ద కుర్చీల కూసున్న ముసలాయన ఇంటిపేరు రా అది. ఆయన్ని దింపనీకె కొట్లాడుతున్నరు" అన్నాను. ఎవరూ కాదనలేదు. కాదనడానికి నాకంటే చదివినవాడు ఆ మెస్‌లో లేడు.

అక్టోబరు వచ్చింది. బతుకమ్మ పోయింది, దసరా పోయింది, దీపావళి పోయింది. బాలన్న పెట్టె సర్దుకుని మంచం కింద పెట్టుకున్నాడు. గడ్డం గీయించుకున్నాడు. నెలాఖరు మంగళవారం పొద్దున, టికెట్ సంగతి కనుక్కుందామని ఆఫీసుకు పోయాను.

గోరా మేనేజర్ కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు. నన్ను చూసి, "దే పోస్ట్‌పోన్డ్ ఇట్ అగైన్. జాన్యువరీ" అన్నాడు.

"హూ సార్? హూ పోస్ట్‌పోన్?"

ఆయన చేతులు రెండూ పైకెత్తి, అదే ఆఫీసులో కూర్చునే కాకినాడ ఇంజనీరు హేమసుందర్ వైపు చూపించి ఫోన్ ఎత్తుకున్నాడు. నేను హేమసుందర్ టేబుల్ దగ్గరకు పోయాను.

"సార్, మా బాలన్న ఎగ్జిట్ ఎందుకు వాయిదా వేసిండ్రు?"

"బాలన్న ఎగ్జిట్ ఏంటండీ? డేట్ ఎవరిచ్చారు?" అన్నాడు హేమసుందర్.

"దొరే ఇచ్చిండు సార్. అక్టోబర్ ముప్పై ఒకటి అని."

హేమసుందర్ నా మొహంలోకి చూసి, పెన్ను కింద పెట్టేశాడు. "అయ్యో, అది బ్రెగ్జిట్ అండీ నాగేందర్ గారూ. ఇంగ్లండ్ వాళ్ళు యూరప్ యూనియన్లోంచి బయటికొచ్చేస్తామని ఓటేసుకున్నారు, మూడేళ్ళయింది. ఎలా రావాలో వాళ్ళకే తేలట్లేదు. మార్చి అన్నారు, ఏప్రిల్ అన్నారు, అక్టోబర్ అన్నారు. ఇదిగో నిన్న మళ్ళీ జనవరి అన్నారు. అది తేలేదాకా ఏ కాగితం మీదా సంతకం పెట్టొద్దని లండన్ ఆర్డర్. మీవాడి అప్లికేషన్ కూడా అందులోనే ఆగిపోయిందండీ."

కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"దేశం ఎగ్జిట్ అడుగుడేంది సార్? దేశానికి కఫీల్ ఎవడు?"

"కఫీల్ ఎవడూ లేడండీ. వాళ్ళే అడుక్కున్నారు, వాళ్ళే ఇచ్చుకోవాలి."

"మరి ఇచ్చుకొని పోవచ్చు గద సార్! ఎవలు ఆపిండ్రు?"

ఛీ, అయిదు నెలలు! నెలన్నరలో కొట్టిస్తానన్నవాణ్ణి గుమ్మంలోంచే పంపేశాను. ఎవరో దేశం తారీఖు తెచ్చి మనిషి చేతిలో పెట్టాను. తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది.

క్యాంపుకు వచ్చేసరికి బాలన్న ఇస్త్రీ చేసిన చొక్కా వేసుకుని గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. దారంతా నిజం చెప్పాలనే వచ్చాను. ఆ చొక్కా చూశాక నా వల్ల కాలేదు.

"అన్నా, జెర ఆలస్యమైతదట. జనవరి ముప్పై ఒకటికి జరిపిండ్రట" అన్నాను.

ఆయన చొక్కా గుండీ సవరించుకున్నాడు. తర్వాత, "నేనేమన్న తప్పు జేసిన్నా రా?" అన్నాడు.

"లే అన్నా. నీ తప్పేం లేదు."

"మరి ఊకెనే ఎందుకు జరుపుతరు?" అని లోపలికి పోయి చొక్కా విప్పి, మడిచి మళ్ళీ పెట్టెలో పెట్టుకున్నాడు.

నేను ఆ సాయంత్రమే బాబావలి భాయ్ దగ్గరకు పరుగెత్తి అంతా చెప్పాను. ఆయన ఒక్క మాట తిట్టలేదు. తిట్టినా బాగుండేది. మర్నాడే లేబర్ ఆఫీసులో అర్జీ వేశాం. డిసెంబరు మూడుకు రమ్మని చీటీ రాసిచ్చారు. ఈసారి ఆ చీటీని హేమసుందర్‌తో చదివించి, బాబావలితో చదివించి, అప్పుడు నమ్మాను.

డిసెంబరు మూడు బాలన్నకు రాలేదు. నవంబరులో వానలు పడ్డాయి, ఒక్కసారిగా చలి పెరిగింది. ఆయనకు జ్వరమొచ్చింది, ఆస్పత్రిలో ముక్కుకు గొట్టం పెట్టారు. నాలుగోరోజు పొద్దున నేను పక్కనే ఉన్నాను. గొట్టం కాస్త పక్కకు జరిపి, "జనవరికి ఎన్ని దినాలున్నయి రా?" అన్నాడు. "అరవై ఏడు అన్నా" అని చెప్పాను. "మస్తున్నయి గదరా" అన్నాడు. ఇంకో గంటకు పోయాడు.

శవం పోవాలన్నా పాస్‌పోర్టు మీద ఎగ్జిట్ పడాలి. ఆ కాగితం మీద గోరా మేనేజర్ ఆ రోజే సంతకం పెట్టేశాడు. లండన్‌ని అడగలేదు. ఆయన్ని నాలుగు మాటలు అనాలని పోయాను. మనిషి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఆయన నాకు అబద్ధం చెప్పలేదు, ఆయన తారీఖు ఆయన చెప్పాడు. ఏమీ అనకుండా కాగితం తీసుకుని వచ్చేశాను. తొమ్మిదో రోజుకు పెట్టె శంషాబాద్ చేరింది.

ఆ తర్వాత చిన్నవ్వ వదిన ఫోన్ చేసేది. రెండుమూడు సార్లు ఎత్తలేదు. ఫిబ్రవరి మొదటి ఆదివారం, పని లేక గదిలోనే ఉన్నప్పుడు మళ్ళీ మోగింది. ఎత్తాను.

"తమ్మీ, బాబావలి సారుకు నేనే ఫోన్ జేసిన. ఎండకాలంలనే అర్జీ పెడ్తనన్నడట గద, మీరే ఒద్దన్నరట. నిజమేనా?"

"నిజమే వదినా."

"ఎందుకొద్దన్నవ్?"

చెప్పాను. మొదటి నుంచి చివరి దాకా, దొర నవ్విన నవ్వుతో సహా అన్నీ చెప్పాను. మధ్యలో ఏడుపొచ్చింది, అయినా ఆపలేదు. ఫోన్‌లో వాళ్ళ వాకిట్లో ఎవరో చాట చెరుగుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"అంటే అది ఆయన తారీఖు గాదా?"

"కాదు వదినా. ఒక దేశానిది."

"దేశం ఏడికి పోతదట?"

"ఏడికీ పోదు. ఉన్నకాడనే ఉంటది. కాయితాల మీదనే పోతది."

"ఉన్నకాడనే ఉండేదానికి గింత ఆగమా!" అంది. "మరి పోయిందా?" అని అడిగింది.

"పోయింది వదినా. మొన్న శుక్రారం."

"మంచిది. ఆళ్ళకన్న దొరికింది" అంది. తర్వాత, "ఆయన చచ్చేదాక నిన్నే నమ్మిండు తమ్మీ. ఫోన్ల రోజు నీ పేరే చెప్పేటోడు. ఇగ నువ్వు నాకు ఫోన్ జెయ్యకు" అంది.

మెల్లగానే చెప్పింది. కోపంగా తిట్టి ఉంటే, కాళ్ళ మీద పడి క్షమించమనడానికైనా మళ్ళీ చేసేవాణ్ణి.