వెనక ఇరుసుకు ఒక్క లాక్

నలభై ఏళ్లలో పానయ్య నడిపిన బండి బురదలో దిగబడింది లేదు. ఒకసారి వాగులో లారీ కూరుకుపోతే ఆయన ఒడ్డున నిలబడి చిన్నగా దగ్గాడు, లారీ సిగ్గుపడి తనంతట తానే గట్టెక్కింది. అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. చేతిలో ఎప్పుడూ పానా పట్టుకుని తిరిగే మెకానిక్కు కాబట్టి పానయ్య.

ఆయన కూతురు పశువుల డాక్టరు. కొండ మీది గొర్రెల దొడ్లన్నీ ఆమె వంతు. ఆ దారిలో ఒక ఎర్రమట్టి ఎత్తు ఉంది. వాన పడితే జారుడుబల్లే. ఈ వానల్లో ఆమె జీపు అక్కడ రెండుసార్లు దిగబడింది, రెండుసార్లూ ట్రాక్టరే లాగింది. మూడోసారి ట్రాక్టరును పిలిస్తే కొండను ఇంకొకరికిచ్చి ఆమెను ఆఫీసులో కూర్చోబెడతానని పైఅధికారి తేల్చేశాడు. ఆమెకు కుర్చీ అంటే ముళ్ల మీద కూర్చున్నట్టే.

అందుకని జీపు తెచ్చి తండ్రి షెడ్డులో పెట్టింది.

"రెండు ఇరుసులకీ లాక్ వెయ్యి నాన్నా. నాలుగు చక్రాలూ కలిసి లాగితే ఇంక ఆపేదెవరు?"

"వెనక దానికి చాలు."

"అరకొర పనులు ఎప్పట్నుంచి మొదలెట్టావు?"

"సూది ఎక్కడ పొడవాలో నీకు నేనెప్పుడైనా చెప్పానా తల్లీ?" అంటూ పానయ్య జీపు కిందికి దూరి, ఇరుసు మధ్య ఉన్న గుండ్రటి డబ్బాను పానాతో తట్టాడు. "ఇదీ డిఫరెన్షియల్. మలుపులో బయటి చక్రం ఎక్కువ నడవాలి, లోపలిది తక్కువ. ఆ తేడా సర్దే పెద్దమనిషి ఇది. బురదలో మాత్రం దీని బుద్ధి గడ్డి తింటుంది. కష్టపడేవాడి నోరు కొట్టి, ఊరికే గిరగిరా తిరిగేవాడికి కూడు పెడుతుంది. లాక్ పడిందా, ఇద్దరికీ ఒకటే కాడి. ఒకడు జారినా రెండోవాడు లాగుతాడు."

"తనంతట తానే పడే లాక్ కూడా ఉందటగా?"

"ఉంది. మీ అమ్మ అలకలాగ ఎప్పుడు పట్టుకుంటుందో, ఎప్పుడు వదుల్తుందో తెలీదు. తడి మలుపులో బండి తోక విసిరేస్తుంది. స్విచ్చు మన చేతిలో ఉండాలి. బురదకి ముందే ఆగి వెయ్యి. గట్టి నేల రాగానే తీసెయ్యి, లేకపోతే బండి తిరగదు. ఇంతే చదువు."

నాలుగో రోజు పొద్దున్నే, వానలో, కొండ మీంచి ఫోను వచ్చింది. గొర్రె ఈనలేక అవస్థ పడుతోందట. ఆమె మందుల సంచీ తీసుకుని వచ్చేసరికి పానయ్య స్టీరింగు ముందు కూర్చుని ఉన్నాడు.

"ఈ ఒక్కసారి చూపిస్తా. చూసి నేర్చుకో."

ఎర్రమట్టి ఎత్తు ముందు ఆగాడు, స్విచ్చు వేశాడు. లాక్ పడినట్టు నారింజరంగు లైటు వెలిగింది. జీపు గోడ మీద బల్లిలా పాకి పైకొచ్చింది. పానయ్య మీసం దువ్వుకుని, వాగులో లారీ కథ ఎత్తుకున్నాడు. కథ మంచి పట్టులో ఉండగా రాతినేల మీద మలుపు వచ్చింది. ఆయన స్టీరింగు తిప్పాడు. జీపు మాత్రం తిన్నగానే వెళ్లి, ముందు చక్రాలను పక్క కాలువలో దించుకుంది.

ఆమె స్విచ్చు పక్కకి వేలు చూపించింది.

"లైటు వెలుగుతోంది నాన్నా."

"అవును," అన్నాడు పానయ్య దాన్నే చూస్తూ. "బాగానే వెలుగుతోంది."

మొదట్లో నలభై ఏళ్లని ఏదో అన్నాను, దాన్ని కొట్టేసుకోండి. దిగబడడం ఆయనకిది ఐదోసారి. లారీని వాగులో దించిందీ ఆయనే, దగ్గి దగ్గి దాన్ని తోసిందీ ఆయనే.

"ట్రాక్టరుని పిలుద్దాం. తప్పు నాదని మీ పైవాడికి నేను చెప్తా."

"నువ్వు దిగు ముందు."

ఆమె చోటు మారింది. లాక్ అలాగే ఉంచి, స్టీరింగు కదపకుండా తిన్నగా వెనక్కి తీసింది. వెనక చక్రాలు రెండూ కలిసి రాళ్లను కరుచుకున్నాయి. జీపు మూలుగుతూ కాలువలోంచి బయటికొచ్చింది. అప్పుడు ఆపి, స్విచ్చు తీసి, లైటు ఆరేదాకా బండిని బెత్తెడు ముందుకీ బెత్తెడు వెనక్కీ ఊపింది. తర్వాత మలుపు వెన్నలా తిరిగింది. పానయ్య వానలో వెనకే పరుగెత్తుకొచ్చి పక్క సీట్లో కూర్చున్నాడు.

దొడ్లో గొర్రె రెండు పిల్లల్ని ఈనింది. ఆమె బకెట్టు నీళ్లలో చేతులు కడుక్కుంటూ అడిగింది.

"ముందు ఇరుసుకి ఎందుకు వెయ్యలేదో ఇప్పుడైనా చెప్పు."

"ముందు లాక్ పడితే స్టీరింగు బండరాయే. పోయినేడు ఆవు తన్నిన ఎడమ మణికట్టు నీకు వానకి ఇంకా సలుపుతుంది. నాకు తెలీదనుకున్నావా?"

ఆమె తల వంచుకుని ఇంకోసారి చేతులు కడుక్కుంది.

"కిందికి నేనే నడుపుతా. నువ్వు లైటు చూస్తూ కూర్చో."

పానయ్య కొండ దిగేదాకా రెప్ప వెయ్యకుండా లైటే చూశాడు. ట్రాక్టరును పిలవలేదు కాబట్టి కొండ ఆమెకే ఉంది.

ఇందులో ఒక్కటి నేను అతికించాను. మణికట్టు మాట పానయ్య అనలేదు, అంత మాట పైకి అనే రకం కాదు ఆయన. ఆమె అడిగినప్పుడు గొర్రెపిల్లల కేసి చూస్తూ నిలబడి, ఆమె ఎడమచేత్తో ఎత్తబోయిన బకెట్టును లాక్కున్నాడు. అంతే.