గోతం పొట్టు

నీళ్లు వడగట్టి తాగేవాళ్లం మనలో చాలామందిమి ఉన్నాం. వడగట్టాం కదా, ఇంకేం భయమనుకుంటాం. నిమ్మనపల్లె దగ్గరి ఒక పల్లెలో సిద్ధమ్మ కూడా అట్లాగే అనుకుంది.

అది 2003. బోర్లు ఎండిపోయినా వంకలో సన్నని ఊట పారుతూనే ఉంది. ఊరంతటికీ ఆ నీళ్లే దిక్కు. ఇసుక రేణువులు అతికించుకుని గూడు కట్టుకొని, దాన్ని మోసుకుంటూ పాకే చిన్న పురుగు అందులో ఉండేది. ఆ పురుగు ఉంటే నీళ్లు మంచివని అత్త చెప్పిన మాట. సిద్ధమ్మ దాన్ని చూశాకే కడవ ముంచేది.

ఆమె భర్త గురప్ప కోళ్లఫారాల నుంచి పాత దాణా గోతాలు కొని, వంకలోనే ఎగువన బండ మీద బాది ఉతికి, మదనపల్లెలో అమ్మేవాడు. ఎండకు పెళుసెక్కిన ప్లాస్టిక్ గోతాలు దెబ్బదెబ్బకూ పొట్టు రాల్చేవి. పొట్టు నీళ్లలో పోతుంటే ఎవరికి పట్టింది?

ఒకనాడు పురుగు గూడు నీలం, తెలుపు రంగుల్లో కనిపించింది. సిద్ధమ్మకు ముచ్చటేసింది. చెంబులో పట్టి తెచ్చి, నిండు చూలాలైన కోడలికి చూపించింది.

"సూడు మునీశ్వరీ, పురుగు రంగుల కోక కట్టుకోనుండాది."

కోడలిని చూడ్డానికి వచ్చిన ఆసుపత్రి నర్సు ఎలిజబెత్ ఆ గూడును గోటితో గీరింది. గోడ మీద ఆరేసిన గోతాల నీలం చారలకేసి చూసింది.

"ఇది ఇసుక కాదు సిద్ధమ్మా, గోతం పొట్టు."

"పురుగు బతికే ఉండాది గదమ్మా. నీళ్లు బాగుండబట్టే గదా?" అన్నాడు అక్కడే గోతాలు మడతపెడుతున్న గురప్ప.

"దానికి ఏది దొరికితే అదే ఇల్లప్పా. పురుగు ఉండాది గదా అని నీళ్లను నమ్మొద్దు. ఈ పొట్టు నలిగి నలిగి కంటికి కనపడనంత అవుతాది. మీ వడగట్టే గుడ్డకు చిక్కదు."

"బిడ్డకేమైతాదమ్మా?" మునీశ్వరి పొట్ట మీద చెయ్యి వేసుకుంది.

"నాకు తెలీదు తల్లీ. తెలీనిదాన్ని బిడ్డకు తాపొద్దు."

గురప్ప ఆ పూట అన్నం ముట్టలేదు. మర్నాడు గోతాలను వంకకు కాకుండా చేనుగట్టుకు మోసుకెళ్లాడు. పెళుసువి పక్కన పడేశాడు. మంచివాటిని దులిపి, తడిగుడ్డతో తుడిచాడు. ఇట్లా చేస్తే సగం సరుకు పోతుందని అతనికి తెలుసు. బాధగానే ఉంది.

అదే యాపారం చేసే మునస్వామి వంకలో గోతాలు బాదుతూ నవ్వాడు. "యాలప్పా, నీళ్లంటే భయం పుట్టిందా?"

గురప్ప గట్టు దిగి అతని దగ్గరికొచ్చాడు.

"శుభ్రం చేస్తాండానని ఇన్నాళ్లూ బాదినాను మునస్వామీ. గోతంలో మురికి యాడికీ పోలేదప్పా. ఇంకా పుట్టని నా మనవడి నోట్లోకే పోయింది."