దండులో వెనకబడినవాడు

సాయంత్రం ఆఫీసులు వదిలే వేళకి ఆ వీధిలోకి దండు వస్తుంది. ఎప్పటిదో పాతకాలపు దండు. చేతుల్లో ఈటెలు, వీపున తోలు డాళ్ళు, మోకాళ్ళదాకా దుమ్ము. ముందు గుర్రాలు, తర్వాత కాలిబంట్లు, ఆ వెనక సామాన్ల బండ్లు. అదంతా చౌరస్తా దాటేదాకా బస్సులూ కార్లూ ఇంజన్లు ఆపి నిలబడాల్సిందే. జనం ఫోన్లు చూసుకుంటారు. లాండ్రీ ఆయన ఆరేసిన దుప్పట్లు లోపలికి లాక్కుంటాడు. దుమ్ము భరించలేక ఆయనొకసారి మునిసిపాలిటీకి అర్జీ పెడితే, రోడ్డు తడపడానికి నీళ్ళబండిని పంపడం మొదలుపెట్టారు. అంతకుమించి ఎవరూ ఏమీ అనుకోరు. "దండు దాటాక వస్తా" అంటే ఆ పేటలో అదొక టైము.

మూలమీది ఇంట్లో ఉండే టీచరమ్మ మాత్రం వరండాలో నిలబడి చూసేది. ఆవిడ సైనిక శిక్షణ కాలేజీలో యుద్ధాల చరిత్ర చెప్పేది. రథాల దగ్గర్నుంచి ఫిరంగుల దాకా, కందకాల నుంచి పైలట్ లేని విమానాల దాకా. ఇసుక పోసిన పెద్ద బల్లమీద కొండలూ వాగులూ చేసి, చెక్కముక్కల్ని సైన్యాలుగా నిలబెట్టి, ఎవరెక్కడ దెబ్బతిన్నారో చూపించేది. పేటవాళ్ళు ఆవిణ్ణి యుద్ధాలమ్మ అనేవాళ్ళు. ఇంట్లో పోట్లాడ్డానికైనా ఇంకో మనిషి లేని తనకి ఆ పేరు పెట్టినందుకు ఆవిడే నవ్వుకునేది.

ఆ దండు ఎక్కడికి పోతోందో ఆవిడకి తెలుసు. ఏటా చెప్పే పాఠమే. కొండల అవతల నది దాటబోతారు. ఎగువన కురిసిన వాన వరదై వస్తుంది. ఎదుట శత్రువు, వెనక బురద. ఒక్కడూ తిరిగి ఇల్లు చేరలేదు. క్లాసులో కుర్రాళ్ళు "సేనాపతి తొందరపాటు" అని రాసుకుని పేజీ తిప్పేవాళ్ళు.

బండ్లు కూడా పోయాక చివర్న ఒకడు కుంటుతూ వచ్చేవాడు. అప్పుడప్పుడే మీసాలొస్తున్న వయసు. చెప్పు తెగి మడమ ఒరుసుకుపోయింది. ఆవిడ గేటు దగ్గర ఆగి నీళ్ళడిగేవాడు. శాసనాలు చదవడానికి ఆవిడ నేర్చుకున్న భాషే వాడిది. రాళ్ళమీద చూసిన మాటల్ని ఆవిడ నోటితో పలుకుతుంటే వాడికి నవ్వాగేది కాదు. నీళ్ళు తాగి, మెట్టు మీద కూర్చుని, ఇంటి దగ్గర అమ్మ గురించీ, ముందు నడుస్తున్న అన్న గురించీ చెప్పి, నది ఇంకెంత దూరమని అడిగి లేచిపోయేవాడు. మర్నాడు వచ్చి మళ్ళీ కొత్తమనిషిని చూసినట్టు చూసేవాడు. దండుకి రోజూ అదే రోజు. వాడి సంగతులన్నీ ఆవిడకి కంఠతా వచ్చు, ఆవిడెవరో వాడికి తెలీదు. అయినా ఆ గుమ్మం తొక్కే మనిషి వాడొక్కడే.

రిటైరైన రోజు కాలేజీవాళ్ళు ఆవిడకి ఒక గోడగడియారం ఇచ్చి, ఫోటో తీసి, కారులో తెచ్చి దింపి వెళ్ళారు. తాళం తీస్తే ఇల్లు పొద్దున వదిలేసినట్టే ఉంది. గడియారం ఎక్కడ తగిలించాలో చెప్పేవాళ్ళు లేరు, అక్కడొద్దనేవాళ్ళూ లేరు. దాన్ని పెట్టెలోనే ఉంచి మెట్లమీద కూర్చుంది. దండు పోయింది. వాడొచ్చి నీళ్ళు తాగాడు.

"నది ఇంకెంత దూరం తల్లీ?"

రోజూ ఏదో ఒకటి చెప్పి పంపేది. ఆరోజు మాత్రం గ్లాసు వాడి చేతిలోంచి తీసి పక్కన పెట్టి, "వెళ్ళకు నాయనా" అంది. వరద సంగతి చెప్పింది. అన్నేళ్ళు చెప్పిన పాఠమే అయినా అడుగడుగునా తడబడింది. వాడు ఈసారి నవ్వలేదు.

"అందరూనా?" అన్నాడు. "మా అన్న కూడానా?"

ఆవిడ తలూపింది. వాడు ఆ కుంటికాలితోనే పరుగెత్తాడు.

మార్కెట్టు మలుపులో బండ్లు ఇరుక్కుని దండు రోజూ కాసేపు ఆగుతుంది. ఆవిడ రొప్పుకుంటూ అక్కడికి చేరేసరికి, వరసల మధ్య వాడొక పొడుగాటి మనిషి చెయ్యి పట్టుకుని లాగుతున్నాడు. అన్న అంతా విన్నాడు. నమ్మాడు కూడా, ఆ సంగతి మొహంలోనే తెలిసింది. ముందున్నవాడి వీపు చూశాడు, పక్కనున్నవాణ్ణి చూశాడు. తర్వాత తమ్ముడి భుజం మీది మూట, నడుముకున్న కత్తి తీసేసుకుని వాణ్ణి వరసలోంచి బయటికి నెట్టాడు.

"వీళ్ళని వదిలి నేను రాలేను. నువ్వుండు. అమ్మ కన్నందుకు ఒక్కడైనా ముసలాడవ్వాలి."

బండ్లు కదిలాయి. దండు పోయింది. వాడు కూరగాయల బుట్టల మధ్య నిలబడిపోయాడు.

వాణ్ణి ఆవిడ ఇంటికి తెచ్చుకుంది. లాండ్రీ ఆయన రెండు పాత చొక్కాలిచ్చి, కాలు నయమయ్యాక ఇస్త్రీ పనిలో పెట్టుకున్నాడు. వాడు ఈ కాలపు మాటలు నేర్చుకున్నాడు. ఆవిణ్ణి పెద్దమ్మా అనేవాడు. ఇద్దరూ ఒకే బల్ల దగ్గర తినేవాళ్ళు, కానీ ఎవరి మౌనం వాళ్ళదే. తనవాళ్ళనే మాటకి ఈ భూమ్మీద ఎవరూ మిగలనివాణ్ణి ఏం చెప్పి ఓదార్చాలో ఆవిడ చదివిన ఏ పుస్తకంలోనూ లేదు. దండొచ్చే వేళకి వాడు వెనకగదిలోకి పోయి తలుపేసుకునేవాడు.

వరండాలో మళ్ళీ ఆవిడొక్కతే. అన్న రోజూ గేటు ముందుకి రాగానే మెడతిప్పి వెనక్కి చూసేవాడు. కనిపించక మళ్ళీ చూసేవాడు. తమ్ముణ్ణి తనే నెట్టేసిన సంగతి అతనికి గుర్తులేదు. వెనకబడ్డాడనుకుని వెతుక్కుంటూ పోతున్నాడు. ఆ మాట తమ్ముడికి చెప్పడానికి ఆవిడకి ఏళ్ళు పట్టింది. ఈలోగా లాండ్రీ ఆయన పోయాడు, దుకాణం వాడిదయింది. వాడికి జుట్టు నెరిసింది, ఆవిడ చేతికి కర్ర వచ్చింది.

ఒక సాయంత్రం ఆవిడ వెనకగది తలుపుకి నుదురానించి చెప్పింది. "మీ అన్న రోజూ నీకోసం వెనక్కి చూస్తాడురా. నేను చూడలేకపోతున్నాను."

లోపల గడియ తీసిన చప్పుడయింది. వాడు ఆవిణ్ణి దాటుకుని గేటు దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు.

గుర్రాలు పోయాయి. కాలిబంట్లు వచ్చారు. అన్న అప్పటిలాగే ఉన్నాడు, నిండా పాతికేళ్ళుండవు. వెనక్కి చూశాడు, మళ్ళీ చూశాడు. గేటులో నెరిసిన జుట్టు మనిషి కనబడితే వరస తప్పి ఒక అడుగు ఇటు వేశాడు.

"పెద్దాయనా, వెనక మా తమ్ముడు కుంటుకుంటూ వస్తున్నాడు. ఎక్కడైనా కనిపించాడా?"

వరండాలో ఆవిడ కర్రని రెండు చేతులా పట్టుకుంది. వాడు ఇన్నేళ్ళూ పలకని పాత భాషలో, చిన్నపిల్లవాడికి చెప్పినట్టు చెప్పాడు.

"చూశాను నాయనా. ఎవరో పిలిచి నీళ్ళిచ్చారు. నీడన కూర్చున్నాడు. బాగానే ఉన్నాడు."

అన్న మొహం తేటపడింది. "అయితే సరే. అక్కడే ఉండమను" అని, డాలు సర్దుకుని వరసలో కలిసిపోయాడు. మలుపు తిరిగేదాకా వెనక్కి చూడలేదు.

మర్నాడు తమ్ముడు దుకాణం పెందలాడే కట్టేసి, దండు రాకముందే గేటు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.