బకెట్లో బంతి

బకెట్లో బంతి.

మునగదు. తేలదు.

నెత్తి మాత్రం నీళ్ళ పైకి పెట్టి, మధ్య పాపిడిలా కుట్టు చూపిస్తూ... తక్కినదంతా లోపల దాచుకుని ఊగుతుంటుంది.

అందరిళ్ళలో బకెట్లో బట్టలు నానుతాయి. ఈ ఇంట్లో బంతి నానుతుంది. ఏళ్ళ తరబడి నానుతోంది. దాన్ని నానబెట్టే అమ్మాయి పేరే — ఇంకా ఎవరి నోట్లోనూ నానలేదు.

పొద్దున్నే పెరట్లో చేరుతుంది. నీళ్ళు కారుతున్న బంతిని ఎడంచేత్తో అందుకుంటుంది. వేళ్ళతో మెలిపెట్టి గోడకేసి వదుల్తుంది. మళ్ళీ బకెట్లో ముంచుతుంది. మళ్ళీ వదుల్తుంది. సాయంత్రపు మ్యాచుల్లో తుంపర పడుతుంది, మంచు పడుతుంది, తడిసిన బంతి స్పిన్నర్ల వేళ్ళలోంచి సబ్బుబిళ్ళలా జారిపోతుంది. అందుకని ముందే తడి. తడిసిన చేతికి తడబాటు ఉండదని ఆమె ఆశ.

గోడ ఔటవదు.

గోడ చప్పట్లూ కొట్టదు.

"ఇంకెన్నాళ్ళే ఆ బకెట్టు నాకు దక్కకుండా?" అంటుంది అమ్మ, లోపల కుట్టుమిషను ఆపకుండానే.

"ఈ ఒక్క మ్యాచే అమ్మా."

"పోయినేడూ ఇదే మాట."

"పోయినేడు బకెట్టు వేరు."

అమ్మ నవ్వుతుంది. మిషను నవ్వదు.

అమ్మ దర్జీ. అమ్మాయిల జట్టుకి యూనివర్సిటీ ఇచ్చేవి అబ్బాయిల ప్యాంట్లు. వాటి నడుములు బిగించేదీ, కాళ్ళు కత్తిరించేదీ అమ్మే. ప్యాడ్లూ అబ్బాయిలవే — కట్టుకుంటే తలుపు చెక్కలు వేసుకుని పరిగెత్తినట్టుంటుంది. ప్రాక్టీసు బంతులూ అబ్బాయిలవే — వాళ్ళు కొట్టీ కొట్టీ విసుగెత్తి పడేసినవి. అసలైన అమ్మాయిల బంతి మ్యాచ్ రోజున పెట్టెలో వస్తుంది, మ్యాచ్ కాగానే పెట్టెలో పోతుంది.

"బంతి బంతేగా అమ్మా! గుండ్రంగా లేదా ఏంటి?" అంటాడు స్టోర్లో పెద్దాయన.

గుండ్రంగానే ఉంటుంది.

ప్యాంటు కత్తిరించడానికి అమ్మ ఉంది. బంతి కత్తిరించే దర్జీ ఎక్కడా లేడు.

*

రైలుకి రెండు పట్టాలు చాలు. ఆమె చదువుకి మూడో పట్టా కూడా పడుతోంది — అయినా బండి కదల్లేదు.

చదువు మీద ప్రేమ కాదు. యూనివర్సిటీలో చదువుతుంటేనే యూనివర్సిటీ జట్టు. జట్టులో ఉంటేనే ఫైనల్సు. ఫైనల్సులో ఉంటేనే సెలెక్టర్ల కళ్ళు. ఆ కళ్ళలో పడితే జాతీయ క్యాంపు. క్యాంపులోంచి... దేశం.

పైకి అంతే. ఒకే మెట్టు. అది అందకపోతే పక్కన ఇంకో మెట్టు లేదు. ఈ ఏడు దాటితే వయసు గడువు దాటుతుంది. ఆటలో ఓవర్లు మిగిలే ఉంటాయి, ఆమే ఓవర్ అయిపోతుంది.

జట్టంతా ఆమెని మామ్మ అంటారు.

పాతికేళ్ళు నిండని మామ్మ. జట్టులో ఉండీ ఉండీ జుట్టు నెరుస్తుందని బెంగ — ఆమెకి కాదు, అమ్మకి.

ప్రతి ఏడూ ఎవరో ఒక సెలెక్టరు వస్తారు. ప్రతి ఏడూ ఒకటే మాట. నెట్స్ ప్రాక్టీసులో అద్భుతం. మ్యాచ్‌లోనే... ఏదో తేడా.

తేడా ఎంతో ఆమెకి తెలుసు. ఒక జానెడు. నెట్స్‌లో అనుకున్నచోట పడే బంతి, మ్యాచ్‌లో జానెడు ముందుకెళ్ళి బ్యాటు ఒళ్ళో పడుతుంది. బ్యాటుకి అంతకన్నా ఏం కావాలి!

"మ్యాచ్ అంటే నీకు భయం తల్లీ," అన్నారు కోచ్ సారు.

ఆమె నమ్మింది. భయం ఎక్కడుందో వెతుక్కుంది. గుండెలో చూసింది. కడుపులో చూసింది. మోకాళ్ళలో చూసింది. ఎక్కడా దొరకలేదు.

భయం కూడా తనని సెలెక్ట్ చెయ్యలేదేమో అనుకుంది.

*

ఫైనల్.

ఆకాశం ముసురు మొహంతో ఉంది. తుంపర... ఆగుతుంది, పడుతుంది. ప్రేక్షకులంటే నాలుగు బెంచీలు, ఒక వాచ్‌మన్, అతని సైకిలు. స్కోరర్ల బల్ల పక్కన ప్లాస్టిక్ కుర్చీలో సెలెక్టరమ్మ. ఒకప్పుడు దేశం తరఫున ఆడినావిడ. ఇప్పుడు కుడి మోకాలు ఆడదు.

వికెట్ల వెనక, కీపరూ కెప్టెనూ తానే అయి రేడియో. ఆ పేరు ఎందుకొచ్చిందో బ్యాట్ పట్టి నిలబడ్డ ఎవర్నడిగినా చెబుతారు.

"రా అక్కా రా! ఈ పిచ్ మీద నిలబడితే పిచ్చెక్కుతుంది! మా మామ్మ కథ చెబుతుంది, పడుకో!"

మామ్మ కథ మొదలుపెట్టింది. కథ పాతదే. పెట్టెలోంచి వచ్చిన బంతి, చేతిలో తేలిగ్గా, ఎవరింటి బిడ్డో అన్నట్టు. వదిలింది. జానెడు ముందుకెళ్ళింది. ఫోర్. మళ్ళీ వదిలింది. మళ్ళీ జానెడు. ఫోర్.

సెలెక్టరమ్మ కళ్ళజోడు తీసి పైటతో తుడిచి, పెట్టుకోవడం మర్చిపోయింది.

ఆ ఓవరు చివరి బంతి గోడ దాటింది. గోడ అవతల కాలవ. మునిగిందో... తేలిందో...

అంపైరు బల్ల దగ్గరికెళ్ళి పెట్టెలో చెయ్యి పెట్టాడు. నిన్న అదే మైదానంలో అబ్బాయిల ఫైనల్. వాళ్ళ బంతులూ వీళ్ళవీ అన్నీ ఒకే పెట్టెలో కలిసిపోయి ఉన్నాయి. పోయినదానంత పాతబడ్డది ఒకటి తీశాడు. ప్యాంటుకి తుడిచాడు. బౌలర్ల వైపు విసిరాడు.

మళ్ళీ ఆమె వంతు వచ్చింది. బంతి అరచేతిలో పడింది.

పెరడు గుర్తొచ్చింది.

తడి. బరువు. వేళ్ళ నిండా నిండిపోయే గుండ్రం. రోజూ పొద్దున్న గోడకేసి వదిలే ఆ బరువే. మెదడుకి తట్టకముందే వేళ్ళకి తెలిసిపోయింది — ఇది మనది కాదు. ఇది మనకి అలవాటైనది.

వదిలింది.

బంతి గాల్లోకి లేచింది. ఏదో గుర్తొచ్చినట్టు ఆగింది. దిగింది. అనుకున్నచోట. సరిగ్గా అనుకున్నచోట. జానెడు లేదు, బెత్తెడు లేదు.

బ్యాటు ఎక్కడో ఉంది. వికెట్టు ఇంకెక్కడో ఉంది.

తర్వాతి ఓవర్లో ఇంకోటి. ఆ వెంటనే మరోటి.

జట్టంతా మీద పడి ఆమెని ఊపేస్తోంది. ఆ ఊపులో ఆమె చూసింది — సెలెక్టరమ్మ కుర్చీలోంచి లేచింది. ఆడని మోకాలితో లేచి నిలబడింది. కళ్ళజోడు కళ్ళకే ఉంది.

ఇన్నాళ్ళూ కోరుకున్న చూపు.

అది ఆమె మీద లేదు. బంతి మీద ఉంది.

ఇంకో సంగతి కూడా చూసింది. రేడియో మాట్లాడ్డం లేదు. బంతి గ్లవ్స్‌లో ధబ్బున పడుతున్న ప్రతిసారీ రేడియో చేతుల్లోకి చూసుకుంటోంది. స్టేషన్ మూతపడింది.

అప్పుడు అర్థమైంది. అంతా ఒక్కసారే, తడిగోడ కూలినట్టు. అమ్మాయిల బంతి చిన్నదనీ తేలికనీ ఆమెకి తెలియక కాదు. పరీక్షలో అడిగితే అంకెలతో సహా రాస్తుంది. వేళ్ళకే... ఎవరూ పాఠం చెప్పలేదు. నానబెట్టి మరీ బరువు పెంచిన బంతితో రోజూ సాధన. ఏడాదికి నాలుగు రోజులు తేలిక బంతితో పరీక్ష. బరువుకి అలవాటైన చెయ్యి తేలికని తోస్తే జానెడు ముందుకి పోక ఏమవుతుంది?

భయం కాదు.

ఎప్పుడూ భయం కాదు.

నవ్వొచ్చింది. నవ్వడానికి ఓపిక లేదు.

*

ఆఖరి ఓవరు. వాళ్ళకి పది పరుగులు కావాలి. బంతి ఆమె చేతిలో ఉంది. తుంపర మళ్ళీ మొదలైంది.

రేడియో దగ్గరికొచ్చింది. గ్లవ్‌తో నోరు మూసుకుని మాట్లాడింది.

"మామ్మా. ఇంకొక్క ఓవరు. ఆ తర్వాత నీ ఇష్టం, మైకు పెట్టి మరీ చెప్పు."

"నీకూ తెలిసిందా?"

"నాకేం తెలీదు. నా అరిచెయ్యి వాచింది, అంతే."

"రేపు క్యాంపుకి తీసుకెళ్తారే. అక్కడ చిన్న బంతి ఇస్తారు. అప్పుడేం వెయ్యను?"

"ముందు తీసుకెళ్ళనీవే తల్లీ! అప్పటి సంగతి అప్పుడు!"

ఆమె బంతి వైపు చూసింది. ఈ ఓవరు ఈ బంతితో వేస్తే మెట్టు అందుతుంది. కానీ ఎక్కేది ఎవరు? అబ్బాయిల ప్యాంటు, అబ్బాయిల ప్యాడ్లు, ఇప్పుడు అబ్బాయిల బంతి. వాటి మధ్యలో ఎక్కడో తను. చూస్తే తననే చూడాలి. ఒక్కసారి. ఓడితే ఓడనీ... తన బంతితో ఓడాలి.

గొప్పతనం కాదు. అలసట. అబద్ధం మొయ్యడానికి చేతిలో ఇంక చోటు లేదు.

"అంపైర్ గారూ, ఈ బంతి మాది కాదండీ. అబ్బాయిలది."

అంపైరు ఆమెని ఎగాదిగా చూశాడు. "నువ్వు ఏ జట్టమ్మా?"

"బౌలింగ్ జట్టేనండీ."

"మరి నీకెందుకమ్మా ఈ బాధ?"

జేబులోంచి ఇనుప రింగు తీశాడు. అమ్మాయిల బంతయితే అందులోంచి దూరిపోవాలి. నొక్కాడు. తిప్పి నొక్కాడు. దూరలేదు. పడిన వికెట్లు పడినట్టే అన్నాడు, బంతి మాత్రం మార్చాలన్నాడు. ఈసారి రింగులో దూరినదాన్నే తెచ్చిచ్చాడు.

అరచేతిలో తేలిగ్గా... ఎవరింటి బిడ్డో.

మొదటి బంతి. తడికి జారింది. ఫోర్.

రెండోది. జానెడు. ఒకటి.

మూడోది. బెత్తెడు. వాళ్ళు కొట్టలేకపోయారు.

నాలుగోది. రెండు వేళ్ళు. ఒకటి.

దగ్గరికొస్తోంది... చెయ్యి నేర్చుకుంటోంది... ఇన్నేళ్ళ పాఠం, నాలుగు బంతుల్లో.

ఐదోది.

గాల్లోకి లేచింది. ఆగింది. ఈకలా ఆగింది — బరువు బంతి ఎప్పుడూ అలా ఆగలేదు. దిగింది. తిరిగింది. బ్యాటుని దాటింది. వికెట్టుని వెంట్రుకవాసిలో దాటింది. అంత తిరుగుతుందని వికెట్లకీ తెలీదు, రేడియోకీ తెలీదు. చాచిన గ్లవ్స్‌ని కూడా దాటి, తడిగడ్డి మీద జారుకుంటూ జారుకుంటూ... గీత దాటింది.

బై. నాలుగు పరుగులు.

జీవితంలో వేసిన అన్నిటికన్నా మంచి బంతి. మ్యాచ్ పోయింది.

అవతలి జట్టు గంతులేస్తోంది. ఆమె బల్ల వైపు తిరిగింది. తుంపర పెద్దదైంది. సెలెక్టరమ్మ గొడుగు తెరుచుకుని ఉంది.

ఎప్పుడు తెరిచింది? బంతికి ముందా? తర్వాతా?

గొడుగు కింద మొహం కనిపించలేదు.

*

కారు ఎక్కబోతూ సెలెక్టరమ్మ ఆగింది.

"బంతి సంగతి నీకెలా తెలిసిందమ్మా?"

"మేం రోజూ వేసేది దాంతోనే మేడమ్."

ఆవిడ మోకాలు రుద్దుకుంది.

"మేమూ అంతే," అంది.

తలుపు వేసుకుంది. కారు వెళ్ళిపోయింది. ఫోను చేస్తామని అనలేదు. చెయ్యం అనీ అనలేదు.

రేడియో పక్కనొచ్చి నిలబడింది. స్టేషన్ మళ్ళీ పలికింది.

"ఆ బై నాదే మామ్మా. ఆపాల్సింది."

"అది ఎవరూ ఆపలేరే."

"అదే... అదే చెబుతున్నా." ముక్కు తుడుచుకుని, ఆమె సంచిలో ఏదో తోసింది. "కప్పు వాళ్ళకి. బంతి మనకి. పెట్టెలో లెక్క తగ్గితే నిన్నటి అబ్బాయిలనే అడగమను."

*

పొద్దున్న.

మిషను చప్పుడు లేదు. అమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. బకెట్టు అడగలేదు. అడగకపోవడానికే ఆమెకి భయం వేసింది... వెతికిన అన్నాళ్ళూ దొరకని భయం.

"చూసిందా ఆవిడ?" అంది అమ్మ.

"తెలీదమ్మా."

"ఏ బంతి చూసిందో?"

"అదే తెలీదు."

పిట్టగోడ మీద ఫోను, బోర్లా పడుకుని ఉంది. మొహం చూపించడానికి ఇష్టం లేనట్టు.

సంచిలోంచి బంతి తీసింది. చిన్నది. తేలిక. తనది... ఇంకా కాదు. కాబోలు. మెల్లగా నీళ్ళలో వదిలింది.

రెండుసార్లు ఊగింది. కుట్టు పైకి తిరిగింది. పాత బంతి కన్నా వెంట్రుకవాసి ఎత్తుగా ఉందేమో — లేక ఆమె కళ్ళే అలా కొలుస్తున్నాయో.

ఎడంచెయ్యి చాచి, అందుకోకుండా, చూస్తూ కూర్చుంది.

బకెట్లో బంతి.

మునగదు...