రెండో పసుపు గుంత

నా మొగుడు షఫీ నాకు కాకుండా పోతాడేమోనన్నదే నాకు అన్నిటికన్నా పెద్ద భయం. బిడ్డకు జ్వరం వచ్చిన రోజు కూడా అదే ముందుకొచ్చి నిలబడింది.

షఫీ జమ్మలమడుగు, పులివెందుల ఆసుపత్రుల్లో తీసిన రక్తం సీసాలను ఐసు డబ్బాలో పెట్టుకుని, బండి మీద ప్రొద్దుటూరు ల్యాబుకు చేరుస్తాడు. అక్కడ పరీక్షలు చేసేది ఆర్షియా. డిగ్రీ చదివింది, పెళ్లి కాలేదు. నేను తొమ్మిదిలోనే బడి మానేశాను. జమ్మలమడుగులో మా ఇంట్లో అన్నం తింటూ కూడా షఫీకి ఆమె మాటే.

"గింజంత గుంతల్లో చుక్కలు ఏస్తాంటే చూడాల మే! చెయ్యి వణకదు."

"నేను రోజూ చారు పోస్తాండా, నా చెయ్యి వణికిందా?" అన్నాను.

మా బిడ్డ రిహానాకు జ్వరం తగ్గకపోతే డెంగీ పరీక్షకు నేనే ఆ ల్యాబుకు ఎత్తుకుపోయాను. ఆర్షియా రక్తం తీసుకుంది.

"పులివెందుల సీసాలు రావాల వదినా. అన్నీ కలిపి ఒకే ప్లేటులో పెడతాం. షఫీ అన్న తెస్తాండాడు."

అన్న అంటే నమ్మేయాలా?

"నా బిడ్డ కాగిపోతాంటే ఆయప్ప కోసం కాసుకోనుండావా?"

"ఆయప్ప కోసం కాదు, డబ్బా కోసం. కూచో వదినా."

షఫీ డబ్బా ఇచ్చి మళ్లీ వెళ్లిపోయాడు. ఆమె అరచేతంత ప్లేటులోని గింజంత గుంతల్లో వరసగా మందులు పోసింది. శానాసేపటికి రెండు గుంతలు పసుపు తేలాయి. బిడ్డను ఒళ్లోకి లాక్కున్నాను.

"నా బిడ్డదా?"

"కాదు. పసుపు తేలితేనే డెంగీ. ఈ మొదటిది కంపెనీ పంపే డెంగీ నమూనా, పరీక్ష సరిగ్గా నడిచిందా అని చూసేదానికి మేమే ఏస్తాం. రిహానాది ఇదో, నీళ్ల మాదిరి ఉండాది."

ప్లేటును రీడర్ మిషన్‌లోకి తోసింది. మిషన్ రంగులు కొలిచి అంకెలు చూపింది. రిహానాకు డెంగీ లేదు.

"మరి రెండోది?"

"నాదేలే. మొన్నట్నుంచి ఒళ్లు కాగుతాంది. అన్నకు చెప్పాకు, ఊరంతా చాటుతాడు. మాయమ్మ పని మాన్పిస్తాది."

అప్పుడు చూశాను. ఆమె చెయ్యి వణుకుతోంది.

మర్నాటి నుంచి ఆర్షియా సెలవు పెట్టిందట. ఫోను ఎత్తడం లేదు. జ్వరంతో ఉన్న బిడ్డను వదిలి నేను కదలలేను. షఫీతో ఒక్క మాటంటే పరుగెత్తుతాడు. ఆమె ఒంటరిగా ఉండే గదికి అతణ్ణి పంపే ఆ మాటే నా నోట రావడం లేదు. మీరు ప్రొద్దుటూరులో ఉంటే, మైదుకూరు రోడ్డులో ల్యాబు వెనక మేడ మీది గది. ఒక్కసారి తలుపు కొట్టి, ఆర్షియా ఎలా ఉందో చూసి రండి.