వేలెత్తి చూపే ఉద్యోగం

వేణుగోపాలరావు తన ఉద్యోగ జీవితంలో ఎవరినీ వేలెత్తి చూపలేదు. బంధువులెవరైనా వస్తే ఉమాదేవి ఈ మాటను భర్త డిగ్రీలకంటే గొప్పగా చెప్పేది. అది తన గుణమో, బతుకుతెరువో ఆయనకే సరిగ్గా తెలియదు. మీటింగులో ఎవరిదైనా తప్పు కనబడితే కుడిచేతి చూపుడువేలు దానంతటదే కదిలేది. దాన్ని మిగతా వేళ్ల కిందికి తోసి, పిడికిలి బిగించి, ఆ పిడికిలిని బల్లకింద దాచి, "బాగుంది సార్" అనేవాడు. ఏళ్లు గడిచేసరికి వేలికి ఆ దారి అలవాటైపోయింది. తోయనక్కర్లేకుండానే వెళ్లి పడుకునేది.

ఆయన పనిచేసేది దుబాయ్‌లో ఇళ్లు కట్టి అమ్మే కంపెనీలో. కరోనా తర్వాత ఆ ఆఫీసులో కుర్చీలు ఒకటొకటిగా ఖాళీ అయ్యాయి. ఆయనది డాక్యుమెంటేషన్ విభాగం. విభాగమంటే ఇప్పుడు ఆయనొక్కడే. వీసా గడువు మార్చితో తీరిపోతుంది. కూతురు తన్మయి పన్నెండో తరగతి పరీక్షలు కూడా మార్చిలోనే. కంపెనీ మళ్లీ వీసా కొట్టిస్తుందా, సామాను సర్దుకోమంటుందా అన్న ప్రశ్న దుబాయ్ పక్కనున్న అజ్మాన్‌లోని వాళ్ల చిన్న ఫ్లాట్‌లో నాలుగో మనిషిలా తిరుగుతూ ఉండేది.

"ఏమైనా అన్నారాండీ?" అని సాయంత్రం తలుపు తీస్తూనే ఉమాదేవి అడిగేది.

"ఏమీ అనలేదు."

ఏమీ అనకపోవడం మంచికో చెడుకో ఎవరికివారు ఆలోచించుకుంటూ అన్నం తినేవారు.

అలాంటి రోజుల్లో ముదీర్ జపాన్‌నుంచి వచ్చాడు. కంపెనీకి యజమానీ, పెద్ద మేనేజరూ అన్నీ ఆయనే కాబట్టి అందరూ ఆయన్ని అరబ్బీలో ముదీర్ అనే పిలిచేవారు. జపాన్ వెళ్లినవాళ్లు కొందరు కత్తులు తెచ్చుకుంటారు, కొందరు టీ కప్పులు తెచ్చుకుంటారు. ఈయన అక్కడ కసుమినో రైల్వే అనే ప్రైవేటు కంపెనీ రైలెక్కి, దాని ప్రేమలో పడి, దాని చరిత్ర తెచ్చుకున్నాడు. తెచ్చింది సగమే. మిగతా సగం వెతికిపెట్టే పని వేణుగోపాలరావు మీద పడింది.

చరిత్ర నిజంగానే ముచ్చటగా ఉంది. వందేళ్లు దాటిన కంపెనీ. కొండమీది క్వారీనుంచి ఊళ్లోకి రాయి మోయడానికి మొదట ఒక్క లైను వేశారు. కొన్నాళ్లకు రాయి అయిపోయింది, పట్టాలు మిగిలాయి. ఎక్కేవాళ్లు లేరు. స్థాపకుడు తల పట్టుక్కూర్చోలేదు. ఎక్కేవాళ్లు లేకపోతే ఎక్కేవాళ్లను పండిద్దామన్నాడు. పట్టాల పక్కన ముల్లంగి పొలాలు కొని ఇళ్లు వేశాడు. కొండ చివర వేడినీళ్ల స్నానశాల కట్టి, పక్కనే కోతుల్ని పెట్టాడు. ఊళ్లో లైను ఆగే ఆఖరి స్టేషన్ నెత్తిమీద పెద్ద బట్టల దుకాణం లేపాడు. పొద్దున్నే మగవాళ్లు ఉద్యోగాలకు ఊళ్లోకి, మధ్యాహ్నం ఆడవాళ్లు దుకాణానికి, ఆదివారం పిల్లలు కోతులకోసం కొండకు. ఎవరెటు పోయినా టికెట్ ఆయనదే. తర్వాత పక్క కంపెనీని పెళ్లి చేసుకున్నట్టు కలుపుకున్నాడు. రెండు లైన్ల పట్టాల వెడల్పులు వేరు కావడంతో ఆ కాపురం కుదురుకోవడానికి చాలాకాలం పట్టింది. ఇప్పుడు ఒక ప్రధాన లైను, మూడు శాఖలు.

ఆ మూడో శాఖ ఏనాడూ లాభం చూడలేదు. రెండు పెట్టెల రైలొకటి వరిపొలాల మధ్య వెళ్లి, ఎవరినో ఒకరిని దింపి, తిరిగి వస్తుంది. అయినా కంపెనీ దాన్ని మూసెయ్యలేదు. మ్యాపులో ఆ గీత లేకపోతే బోసిగా ఉంటుందనేమో. వేణుగోపాలరావుకు ఆ శాఖమీద చెప్పలేని బంధుత్వం ఏర్పడింది. దాన్నెందుకు ఉంచారో తెలిస్తే తన వీసా సంగతి కూడా తేలిపోతుందన్నట్టు దానిగురించే ఎక్కువ చదివేవాడు.

మీటింగులో ఇదంతా తెరమీద చూపించాడు. ముదీర్ చప్పట్లు చరిచాడు.

"యల్లా! మనమూ ఇదే చేస్తున్నాం. ఫుజైరా రోడ్డులో, కొండల మధ్య. పేరు హిగాషి హిల్స్. ఇళ్లు, మాల్, వేడినీళ్ల స్నానశాల. మధ్యలో అందమైన స్టేషన్."

మరి రైలో? వేణుగోపాలరావు వేలు కదిలింది. పిడికిలి మూసుకుంది. "బాగుంది సార్."

ఆ ప్రశ్న ముఖంలో ఎక్కడో మిగిలిపోయినట్టుంది. బయటికి వచ్చాక సేల్స్ చూసే ఆశిష్ ఆయన భుజంమీద చెయ్యేశాడు.

"రావ్‌జీ, టెన్షన్ మత్ లో. రైలుదేముంది, లోహేకా డబ్బా, ఇనప పెట్టె. జనం కొనేది ఫీలింగ్. 'స్టేషన్ పక్కనే' అని రాస్తాం. అబద్ధమా చెప్పండి? స్టేషన్ పక్కనే కదా!"

అబద్ధం కాదు. వేణుగోపాలరావు ఇంటికి వెళ్లే దారంతా, ఇంచుమించు కదలని కార్ల మధ్య కూర్చుని, అది అబద్ధం ఎందుకు కాదో ఆలోచించాడు.

స్టేషన్ తయారైంది. ఎర్ర ఇటుకలు, గుండ్రటి గడియారం, చెక్క బెంచీలు, ఎప్పుడూ పచ్చగానే వెలిగే సిగ్నల్. ప్లాట్‌ఫారం ముందు ఆ చివరినుంచి ఈ చివరిదాకా పట్టాలు. రెండు చివర్లా గులాబీ మడులు.

"రైల్వే గురించి నీకంటే ఎవరికి తెలుసు? నువ్వే స్టేషన్ మాస్టర్," అన్నాడు ముదీర్. "ప్రారంభోత్సవం బాగా జరగనీ. నీ వీసా ఖలాస్."

ఆ మాట ఇంట్లో చెప్పేసరికి ఉమాదేవి చేతిలో గరిటె ఆగిపోయింది. "ఏ ఖలాసండీ? పని పూర్తయిపోయినట్టేననా, మన పని అయిపోయినట్టేననా?"

"పూర్తయినట్టేననుకుంటా."

"అనుకోవడమేంటి, అడక్కపోయారా?"

"అలా అడిగితే ఏం బావుంటుంది?"

"అవున్లెండి. మీరు ఎవర్నీ ఏమీ అనరుగా." ఈసారి ఆ మాట పొగడ్తలా వినిపించలేదు.

స్టేషన్ మాస్టర్‌కి శిక్షణ ఇవ్వడానికి కసుమినోలో పనిచేసి రిటైరైన మొరిటా అనే పెద్దాయన వచ్చాడు. పొట్టిగా, ఇస్త్రీ చేసినట్టుండే మనిషి. తెల్ల చేతితొడుగులు ఇచ్చి, తనకొచ్చిన కొద్దిపాటి ఇంగ్లీషులో చెప్పాడు. జపాన్‌లో రైలు మనిషి దేన్నీ మనసులో అనుకుని ఊరుకోడు. సిగ్నల్ కనిపిస్తే చేయి చాచి, వేలితో దాన్ని చూపించి, అది ఎలా ఉందో గొంతెత్తి చెబుతాడు. అలవాటుమీద మనసు అబద్ధమాడుతుంది. వేలు చూపిస్తే కన్ను తప్పించుకోలేదు. వేణుగోపాలరావు ఈ పద్ధతిని తెలుగులో రాసుకున్నాడు: చూడు, చూపు, చెప్పు.

మొదటిరోజు చెయ్యి లేవలేదు. మోచేయి దాకా వచ్చి, అక్కడ ఎవరో పట్టుకున్నట్టు ఆగిపోయింది. మొరిటా వెనకనుంచి రెండు వేళ్లతో ఆ మోచేతిని పైకెత్తాడు. గోడమీది గడియారం వైపు వేలు చాచి, దాని టైము గట్టిగా చెప్పినప్పుడు వేణుగోపాలరావుకు ఒళ్లంతా సిగ్గేసింది. నలుగురిలో చొక్కా విప్పినట్టనిపించింది. ఆ వెంటనే, గాలి తగిలినట్టు హాయిగా కూడా ఉంది.

అప్పట్నుంచి ఇంట్లో సాధన మొదలైంది. "గ్యాసు కట్టేశాను!" అని పొయ్యిని చూపించేవాడు. "తలుపు గడియ పడింది!" అని తలుపును చూపించేవాడు.

"నాన్నా, ఫ్రిజ్‌ని ఎందుకు తిడుతున్నారు?" అని తన్మయి పుస్తకంలోంచి తలెత్తి అడిగింది.

సాధన ముదిరేకొద్దీ ఒక చిక్కు వచ్చిపడింది. వేలు లేవడం నేర్చుకుంది కానీ పిడికిట్లోకి వెళ్లడం మరిచిపోయింది. ఆఫీసులో ఏసీ కింద నీళ్లు కారుతుంటే "కారుతోంది!" అని చూపించాడు. ఆశిష్ ప్రకటనలో అచ్చుతప్పు చూపించాడు. చూపించినవి మరుక్షణం ఆయనకు నిజమైపోతున్నాయి. ఇన్నేళ్లూ తాను చూసినవన్నీ చూడనట్టే ఉండిపోయాయని, చూడ్డానికీ ఒక వేలు కావాలని ఆయనకు అర్థమైంది. అర్థమవడం ఏమీ సుఖంగా లేదు.

పట్టాల చివర మొక్కలకు నీళ్లు పట్టేది రాజలింగం. జగిత్యాల వైపు మనిషి. స్టేషన్ మాస్టారు తెల్ల తొడుగులతో కనిపించగానే పైపు పట్టుకునే సలాం కొట్టేవాడు.

"సారూ, రైలొచ్చే ముందట జర చెప్పుండ్రి, పైపు జరుపుకుంట."

"చెప్తాలే."

"గీ గులాబీలకు ముండ్లు శాన ఉన్నయి సారూ. వచ్చిన రైలుకు గుచ్చుకుంటయేమో, పాపం!"

వేణుగోపాలరావుకు నవ్వొచ్చేది. కానీ నవ్వితే ఏదో ఒప్పుకున్నట్టవుతుందని అటు తిరిగిపోయేవాడు.

ప్రారంభోత్సవం ఉదయం కుర్చీలన్నీ నిండాయి. ఖర్జూరాలు, కాఫీ, కెమెరాలు. మొదటి వరసలో ముదీర్, పక్కన మొరిటా. దూరంగా రోడ్డుమీద క్వారీ ట్రక్కులు రాయి మోసుకుపోతుంటే ప్లాట్‌ఫారం సన్నగా అదిరింది. "దేఖా? ఫీలింగ్!" అని ఆశిష్ కొనేవాళ్లతో అన్నాడు.

వేణుగోపాలరావు చెయ్యవలసింది ఎక్కువేమీ లేదు. నాలుగింటిని చూపించాలి, నాలుగు జపాన్ మాటలు చెప్పాలి. గడియారం సరే, సిగ్నల్ సరే, ప్లాట్‌ఫారం సరే, రైలు సరే. అంతే. ఆ నాలుగు మాటల అవతల వీసా ఉంది, తన్మయి పరీక్షలున్నాయి, గరిటె పట్టుకుని ఎదురుచూస్తున్న ఉమాదేవి ఉంది.

గడియారం వైపు వేలు చాచాడు. టైము సరిగ్గా ఉంది. సరే అన్నాడు. సిగ్నల్ పచ్చగా ఉంది. సరే. ప్లాట్‌ఫారం అంచున ఎవరూ లేరు. సరే. గొంతు తనది కానంత బాగుంది. నాలుగోసారి వేలు పట్టాలవైపు తిరిగింది. వేలి వెంట కన్ను వెళ్లింది. అక్కడ తడి ఇసుక ఉంది, గులాబీ మడి ఉంది, పైపు పట్టుకుని నిలబడ్డ రాజలింగం ఉన్నాడు, అతని వెనక ఎండలో కొండ ఉంది. నేర్చుకున్న జపాన్ మాట నాలుక చివరిదాకా వచ్చి, చోటు దొరకనట్టు వెనక్కి వెళ్లిపోయింది. చెయ్యి దిగలేదు. జనం చూస్తున్నారు.

"రైలు లేదు!" అని అరిచాడు వేణుగోపాలరావు. తెలుగులోనే. ఆపైన ఆగలేకపోయాడు. "రాదు!"

వెంటనే చప్పట్లు మోగాయి. ఆశిష్ మైకు అందుకుని, "రైలు బయలుదేరిందని మాస్టర్ ప్రకటిస్తున్నారు!" అని ఇంగ్లీషులో చెప్పాడు. చప్పట్లు రెట్టింపయ్యాయి. రాజలింగం ఒక్కడూ పైపు వదిలేసి, కడుపు పట్టుకుని మడిగట్టుమీద కూలబడ్డాడు. తర్వాత దగ్గరికొచ్చి మెల్లగా అన్నాడు:

"గింతమందిల ఉన్నది ఉన్నట్టు చెప్తిరి. ఇగ సారు పని ఖలాస్ అనుకున్న. చప్పట్లు గొడ్తుర్రేంది సారూ వీళ్లు!"

తనది భయమో ఆనందమో వేణుగోపాలరావు తేల్చుకోలేకపోయాడు. ఇంత పెద్ద నిజం చెప్పాక మనిషికి ఏదో ఒకటి జరగాలి. ఆ జరిగేదానికోసం ఆయన ప్లాట్‌ఫారంమీద నిటారుగా నిలబడ్డాడు.

ముందు మొరిటా వచ్చాడు. వంగి నమస్కారం చేసి, "వేలు ఇంకొంచెం పైకి," అన్నాడు.

తర్వాత ముదీర్ వచ్చాడు. "ఆ చివరిది అద్భుతం. అచ్చం జపాన్ భాషే! రోజూ అదే చెప్పు."

"సార్, అది జపాన్ భాష కాదు. తెలుగు." నిజం ఇంకా సగమే చెప్పినట్టుంది. మిగతా సగం కూడా ఇంగ్లీషులో చెప్పేశాడు. "రైలు లేదని చెప్పాను సార్. రాదని."

ముదీర్ ఆయనవంక జాలిగా చూశాడు. "లేదని నాకు తెలీదా, మిస్టర్ రావ్? కట్టించింది నేనేగా. ఇంగ్లీషులో మాత్రం అనకు. అరబ్బీ, హిందీ కూడా వద్దు. మీ భాషలో నీ ఇష్టం."

"సార్... నా వీసా?"

"చెప్పాగా. ఖలాస్."

ఈసారి అది ఏ ఖలాసో రెండు వారాల్లో తెలిసింది. వీసా వచ్చింది. ఉమాదేవి దేవుడికి కొబ్బరికాయ కొట్టింది. తన్మయి పరీక్షలు ప్రశాంతంగా రాసింది. వేణుగోపాలరావు రోజూ తెల్ల తొడుగులు వేసుకుని, గంట గంటకీ ప్లాట్‌ఫారంమీద నిలబడి, కొనడానికొచ్చిన వాళ్లకు నిజం చెబుతున్నాడు. వాళ్లు ఫొటోలు తీసుకుంటున్నారు. వాళ్లు చప్పట్లు కొట్టేకొద్దీ ఆయనకు కొత్త అనుమానమొకటి పట్టుకుంది. ఇన్నేళ్లూ పిడికిట్లో దాచుకున్న నిజం, బయటికొస్తే ప్రపంచం తల్లకిందులైపోతుందని భయపడ్డ నిజం, ఇంత తేలికదా? అర్థమయ్యేవాళ్లు వినలేదు గనకే ఇలా ఉందని తనకు తానే సర్దిచెప్పుకునేవాడు. అర్థమయ్యే మనిషి ఒక్కడొస్తే చాలు.

ఒక శుక్రవారం ఆ మనిషి వచ్చాడు. నల్ల కళ్లద్దాలు నుదుటిమీదికి తోసుకున్న మగమనిషి, పక్కన పట్టుచీర కట్టుకున్న భార్య. వేణుగోపాలరావు చేయి చాచి "రైలు లేదు! రాదు!" అనగానే ఇద్దరూ ఒక్కసారిగా తిరిగారు.

"అరె, తెలుగువాళ్లేనా! ఏ ఊరండీ మీది?"

"ఏలూరు దగ్గరండీ." వేలు ఇంకా గాల్లోనే ఉంది. "విన్నారుగా? రైలు లేదండీ. ఇక్కడికి ఏ లైనూ లేదు. వేసే ఆలోచన కూడా లేదు."

మగమనిషి పెద్దగా నవ్వేశాడు. "మాకెందుకండీ రైలు? కారుందిగా! స్టేషన్ పక్కన ఇల్లంటే ఆ పేరు వేరండీ. నిన్ననే బుక్ చేసేశాం."

"నిజంగా రైలొస్తే దుమ్మూ, మోతానూ," అంది భార్య. "ఇలాగే నయం. బాబాయ్‌గారూ, ఇందాకటిది ఇంకోసారి అనరూ? వీడియో తీసి మా తోటికోడలికి పంపిస్తాను."

ఫోను పైకి లేచింది. వేణుగోపాలరావు పట్టాలవంక చూశాడు. వేలు చాచాడు.

"కొంచెం నవ్వుతూ అనండి," అంది ఆవిడ.

ఆయన నవ్వుతూ అన్నాడు.