ఆకుపచ్చ పట్టీ

నలభై మూడో మనిషి మణికట్టుకు పసుపు పట్టీ కట్టి, దయారాణి తల ఎత్తకుండానే "నెక్స్ట్" అంది. 2020 ఏప్రిల్. దుబాయ్‌లో ఒక ఆస్పత్రి బయట వేసిన గుడారం. ప్లాస్టిక్ గౌను లోపల చెమట మోచేతుల దాకా కారుతోంది. ఆకుపచ్చ కడితే కూర్చోబెట్టాలి, పసుపైతే పడుకోబెట్టాలి, ఎరుపైతే లోపలికి పరుగెత్తించాలి.

ఈ పనిని ట్రయాజ్ అంటారు. ఫ్రెంచి మాటట. ఉన్ని ఏరేవాళ్ల మాట యుద్ధాల్లో గాయపడ్డవాళ్ల దగ్గరికి చేరి, చివరికి ఆస్పత్రుల్లో స్థిరపడిందని ట్యునీషియా డాక్టరు చెప్పాడు. దయారాణి నవ్వేసింది. ఇంత పేరు పెట్టుకుని, తీరా చూస్తే ఒంగోలు పొగాకు కంపెనీలో వాళ్లమ్మ ముప్పయ్యేళ్లు చేసిన పనే! ఆకు ఏరుతూ అమ్మ అనేది, "కంటితో చూస్తే చాలదే పిల్లా, చేత్తో పట్టుకుని చూడాల." కూతుర్ని నర్సును చేసింది ఆ వేళ్లే.

నలభై నాలుగోవాడు పోశయ్య, అల్ వర్సాన్ కూలీల క్యాంపులో ఉండే తాపీ మేస్త్రీ. చేతిలో అన్నం డబ్బా.

"ఆయాసంగా ఉందా అన్నా?"

"ఏం లేదు చెల్లె. జరంత దగ్గు, గంతే."

అబద్ధం. ఎర్ర పట్టీ పడ్డవాళ్లెవరూ మళ్లీ గదికి రాలేదని క్యాంపంతా భయపడుతోంది. ఆ సంగతి ఆమెకు తర్వాత గానీ తెలియలేదు. ఆక్సిజన్ చూసే క్లిప్పు వేలికి పెడితే అంకె పడలేదు. గోళ్ల మీద సిమెంటు గట్టిపడి ఉంది. స్పిరిటుతో తుడిచి మళ్లీ చూడాలి. ఇంతలో వెనక నుంచి సూపర్‌వైజరు "యల్లా, యల్లా" అని తొందరపెట్టాడు. మనిషి నిలబడి ఉన్నాడు, నవ్వుతున్నాడు, అదీ తెలుగులో మాట్లాడుతున్నాడు. ఆమె ఆకుపచ్చ కట్టేసింది.

డబ్బా లోపలికి తీసుకుపోకూడదు. తన బల్ల కింద పెట్టించింది.

"పన్నెండింటికి వచ్చి తింట. డబ్బా పైలం చెల్లె."

మరో ఇరవై మంది అయ్యాక కాస్త తెరిపి దొరికింది. మనసు పీకుతూనే ఉంది. స్పిరిటు దూది, ఒక ఎర్ర పట్టీ పట్టుకుని కుర్చీల వైపు వెళ్లింది. పోశయ్య తల వెనక్కి వాల్చి కూర్చునే ఉన్నాడు. "అన్నా" అంది. ఈసారి చెయ్యి పట్టుకుంది. గ్లౌజు ఉన్నా తెలిసిపోయింది.

డాక్టర్లు వచ్చారు. ఛాతీ నొక్కారు. చాలాసేపు చూసి ఆపేశారు. ఆమెను ఎవరూ ఒక్క మాట అనలేదు. అంటే బాగుండునని ఏడుపొచ్చింది. అమ్మ పొరపాటున ఏరిన ఆకునైతే మళ్లీ తీసి సరైన కుప్పలో వేసేది.

దయారాణి తిరిగొచ్చి తన చోట నిలబడింది. పన్నెండు దాటింది. "నెక్స్ట్" అంది, ఈసారి తల ఎత్తి. బల్ల కింద, మూత మీద తెల్లరంగుతో పోశయ్య పేరు రాసిన అన్నం డబ్బా, ఎవరూ కదపకుండా, పైలంగా ఉంది.